పాలసీ కాగితం, బస్తీ దవాఖానా: లెక్క ఎక్కడ తప్పుతోంది

సంపాదకుల వారికి,

నమస్కారం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య బీమా ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. అప్పట్నుంచి నగరంలో నలుగురు కూడిన చోటల్లా ఒక మాట వినిపిస్తోంది. "పాలసీ చౌకైంది కదా, ఇంటికొకటి తీసుకుంటే సరి, ఇంక సర్కారు వైద్యంతో పనేముంది?" అని. దానికి పోటీగా ఇంకో మాట. "ఇంగ్లండులో మాదిరి అందరికీ ఉచిత వైద్యం పెడితే ఈ బీమా కంపెనీల గొడవే ఉండదు" అని. రెండింట్లోనూ సగం నిజం ఉంది. క్లెయిము కాగితాలతో రోజూ కుస్తీ పట్టేవాళ్లకు మిగతా సగం కనిపిస్తుంది. అది పాఠకుల ముందు పెడదామనే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, మన్నించి వేయగలరు.

మొదట తేల్చుకోవాల్సింది ఒకటుంది. ప్రైవేటు పాలసీ అనేది ఇద్దరి మధ్య ఒప్పందం. అందులో చేరడం మన ఇష్టం, ఎంతకు చేర్చుకోవాలన్నది కంపెనీ ఇష్టం. వయసును బట్టి, ఒంట్లో ఉన్న జబ్బును బట్టి ధర. పాలసీ మొదలైన 30 రోజుల దాకా ప్రమాదాలకు తప్ప దేనికీ డబ్బు రాదు. శుక్లాలు, హెర్నియా, కిడ్నీలో రాళ్లు, మోకీలు మార్పిడి లాంటివాటికి చాలా పాలసీల్లో రెండేళ్లు ఆగాలి. ముందే ఉన్న షుగరు, బీపీ, థైరాయిడ్ లాంటివాటికి సంబంధించిన చికిత్సకైతే 36 నెలల దాకా ఆపొచ్చు. 2024 ఏప్రిల్‌కు ముందు ఈ గడువు 48 నెలలుండేది.

కంపెనీలది పిసినారితనమని చాలామంది తిట్టుకుంటారు. నిజానికి ఇష్టమున్నవాళ్లే చేరే బీమా ఏదైనా ఈ గడువులు లేకుండా నిలబడదు. తలుపులు బార్లా తెరిస్తే మోకాలు నొప్పి మొదలయ్యాక వచ్చి చేరతారు, ఒక్క ఏడాది ప్రీమియం కట్టి ఆపరేషన్ చేయించుకుంటారు, మరుసటి ఏడాది కట్టడం మానేస్తారు. ఆ ఖర్చు మిగతావాళ్ల మీద పడి ప్రీమియం పెరుగుతుంది. పెరిగిన ప్రీమియం చూసి ఆరోగ్యంగా ఉన్నవాళ్లు తప్పుకుంటారు. చివరికి జబ్బుపడ్డవాళ్లే మిగులుతారు, వాళ్ల ప్రీమియం ఇంకా పెరుగుతుంది. దీనికి ఉన్న విరుగుడు ఒక్కటే. బయట ఉండే వీలు ఎవరికీ లేకుండా చట్టం చేసి అందర్నీ ఒకే కుండలో కలపడం. అందరికీ వైద్యం అనే ఏర్పాటు ఏ దేశంలో చూసినా దాని పునాది ఇదే.

జర్మనీలో ఛాన్సలర్ (ప్రధాని) బిస్మార్క్ 1883లో మొదలుపెట్టింది ఇదే పద్ధతి. ఇవాళ్టికీ అక్కడ జీతంలో 14.6 శాతం, దాని మీద కొంత అదనం కోసి, ఉద్యోగి సగం, యజమాని సగం కడతారు. వయసు అడగరు, రోగం అడగరు. సంపాదన లేని భార్యకో భర్తకో, పిల్లలకో విడిగా కట్టే పని లేదు. డబ్బు తీసుకునేది సర్కారు కూడా కాదు, లాభం చూసుకోని బీమా నిధులు. అవి డజన్ల కొద్దీ ఉన్నాయి, నచ్చినదానికి మారొచ్చు. కాబట్టి "బీమా కావాలా, సర్కారు వైద్యం కావాలా" అని ప్రశ్న వేసుకోవడంలోనే పొరపాటుంది. ఎవరెవరు కుండలో ఉన్నారు, ధర ఎవరు కడుతున్నారు, జబ్బు మొదలైన రోజున ఎవరు చూస్తున్నారు అన్నవి అడగాలి.

చాలామంది గుర్తించరు గానీ జర్మనీ పద్ధతి మన ఊళ్లోనూ ఉంది. సనత్‌నగర్ ఈఎస్ఐ ఆస్పత్రి అదే. నెలకు 21,000 రూపాయల దాకా జీతం ఉన్న కార్మికుడి జీతంలో 0.75 శాతం, దానిమీద యజమాని 3.25 శాతం కడతారు. చేరేటప్పుడు షుగరుందా అని అడగరు. ఓపీ, మందులు, ఆపరేషను, జబ్బు సెలవులో జీతంలో కొంత, అన్నీ అందులోవే. జీడిమెట్లలోనో బాలానగర్‌లోనో చిన్న కంపెనీలో పనిచేసే మనిషికి అంతకంటే విస్తారమైన పాలసీ మార్కెట్లో దొరకదు. జీతం 21,000 దాటాక మాత్రం ఆ తలుపు మూసుకుపోతుంది.

మాదాపూర్, గచ్చిబౌలి ఉద్యోగుల సంగతి వేరు. కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీలో మొదటి రోజు నుంచే పాత జబ్బులకూ రక్షణ ఉంటుంది. కారణం మళ్లీ అదే, కంపెనీలో ఉన్నవాళ్లంతా కుండలో ఉంటారు. అందుకే అది హాయిగా అనిపిస్తుంది. కానీ ఉద్యోగం చివరి రోజుతోనే ఆ రక్షణా పోతుంది. అమ్మానాన్నలకు 68 ఏళ్లు వచ్చాక, గుండెకు స్టెంటు పడ్డాక కొత్త పాలసీ కోసం తిరగడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. రాజీనామా కాగితం ఇచ్చే ముందే, గ్రూపు పాలసీ ఇచ్చిన బీమా కంపెనీని వ్యక్తిగత పాలసీకి మార్చమని రాతపూర్వకంగా అడగాలి. అలా మారితే గ్రూపులో గడిచిన కాలం వెయిటింగ్ గడువుల్లో కలిసొస్తుంది. అడగకుండా బయటికొస్తే మళ్లీ సున్నా నుంచి మొదలు.

ఇప్పుడు పాలసీ ఉన్నవాళ్లకూ బిల్లు ఎందుకు తడిసి మోపెడవుతుందో ఒక లెక్క వేసి చూపిస్తాను. అయిదు లక్షల పాలసీ. గది అద్దె పరిమితి బీమా మొత్తంలో ఒక శాతం, అంటే రోజుకు 5,000. ఆస్పత్రిలో 8,000 గది తీసుకుని నాలుగు రోజులున్నారు. బిల్లు 3,00,000. అందులో గది 32,000. సర్జన్, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ కలిపి 1,60,000. మందులు 38,000. ఇంప్లాంటు 40,000. పరీక్షలు 20,000. గ్లవ్స్, గౌన్లు, అడ్మిషన్ కిట్, ఫైలు ఖర్చు లాంటి, బీమా కంపెనీ చెల్లించని వస్తువులు 10,000.

గదికి మూడు వేల తేడా, నాలుగు రోజులకు 12,000, అంతే కదా అనుకుంటారు ఇంట్లోవాళ్లు. అక్కడే దెబ్బ. 8,000లో 5,000 అంటే 62.5 శాతం. గదికే కాదు, గదితో పాటు మారే డాక్టరు ఫీజు, థియేటర్, నర్సింగ్ చార్జీలన్నిటికీ అంతే శాతం ఇస్తారు. 1,60,000లో 1,00,000 వస్తుంది, 60,000 మన నెత్తిన. గదిలో 12,000, చెల్లించని వస్తువులు 10,000 కలిపితే 82,000 జేబులోంచి కట్టాలి. 5,000 గదిలో ఉండుంటే ఇందులో 72,000 (ఆ 60,000, ఈ 12,000) పడేది కాదు.

ఇందులో పాఠకులు గుర్తుపెట్టుకోవాల్సిన రెండు నిబంధనలున్నాయి. మందులు, ఇంప్లాంట్లు, వైద్య పరికరాలు, రోగ నిర్ధారణ పరీక్షల మీద ఈ దామాషా కోత వేయడానికి వీల్లేదు. ఐసీయూ చార్జీల మీదా వేయకూడదు. పై లెక్కలో మందులు, ఇంప్లాంటు, పరీక్షలు మొత్తం 98,000. వాటి మీదా 37.5 శాతం కోసేస్తే ఇంకో 36,750 అన్యాయంగా పోతుంది. సెటిల్‌మెంట్ లెటర్‌లో కోతల పట్టిక ఒక్కో వరుసా చదివి, ఈ మూడింట్లో దేనిమీద కోత కనిపించినా రాసి అడగాలి. రెండోది, గది మారినా డాక్టరు ఫీజు, థియేటర్ చార్జీ మార్చని ఆస్పత్రులు కొన్నున్నాయి. అలాంటిచోట ఆ ఖర్చులకు దామాషా కోత వర్తించదు. ఆస్పత్రి టారిఫ్ కాగితం కాపీ తీసుకుని జతచేస్తే ఆ డబ్బు తిరిగొస్తుంది. ఇవి తెలియక వదిలేసుకునే కుటుంబాలు ఎన్నో. చదువు తక్కువవాళ్లనే కాదు, పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లూ వదిలేస్తున్నారు.

డిశ్చార్జి రోజు సంగతీ చెప్పాలి. నగదు రహిత చికిత్సకు అనుమతి అడిగిన గంటలో, డిశ్చార్జి బిల్లు అందిన మూడు గంటల్లో బీమా కంపెనీ తేల్చాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే 29 నాటి సర్క్యులర్ చెబుతోంది. మూడు గంటలు దాటితే, ఆ ఆలస్యం వల్ల ఆస్పత్రి వేసే అదనపు చార్జీ కంపెనీయే భరించాలి. మరి పొద్దున్నే డాక్టరుగారు ఇంటికెళ్లొచ్చన్నా రాత్రి దాకా ఎందుకు కూర్చుంటున్నారు? ఆ మూడు గంటల గడియారం ఆస్పత్రి నుంచి తుది బిల్లు వెళ్లాకే మొదలవుతుంది. వాడని మందులు ఫార్మసీకి వెనక్కిచ్చి లెక్క సరిచూడాలి, డిశ్చార్జి సమ్మరీ టైపయ్యి డాక్టరు సంతకం కావాలి, ఇంప్లాంటు స్టిక్కరు అంటించాలి. వీటిలో ఏది ఆగినా బిల్లు కదలదు. ముందురోజు సాయంత్రమే సమ్మరీ డ్రాఫ్ట్ అడిగి, మందుల రిటర్ను రాయించేస్తే సగం పూట మిగులుతుంది. బిల్లు ఏ గంటకు కంపెనీకి పంపారో ఆస్పత్రిలోని టీపీఏ (కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) డెస్కులో రాయించుకుంటే, ఆలస్యం ఎవరిదో తర్వాత వాదించే పని ఉండదు.

ఆ సమ్మరీలోనే ఇంకో ప్రమాదం దాగి ఉంటుంది. అడ్మిషన్ సమయంలో డ్యూటీ డాక్టరు "బీపీ ఎన్నాళ్ల నుంచి?" అంటాడు. కంగారులో పక్కనున్నవాళ్లు "చాన్నాళ్ల నుంచండీ, పదేళ్లుంటుంది" అనేస్తారు. అది కేస్ షీటులో పదేళ్లుగా పడిపోతుంది. అసలు రెండేళ్ల కిందటే మాత్రలు మొదలైనా, జబ్బు దాచారంటూ క్లెయిము తిరగ్గొడతారు. మొదటి ప్రిస్క్రిప్షన్ దాచుకోండి. అడిగినప్పుడు నిజం, కచ్చితంగా చెప్పండి. పాలసీ తీసుకునే రోజునే చిన్నదైనా పెద్దదైనా ప్రతి జబ్బూ ఫారంలో రాయండి. ఏజెంటు "ఇదంతా ఎందుకు సార్, ప్రీమియం పెరుగుతుంది" అంటే వినొద్దు. సంతకం మీది, నష్టమూ మీదే. వరుసగా 60 నెలలు పాలసీ నడిచాక, మోసమని రుజువైతే తప్ప, జబ్బు చెప్పలేదనే కారణంతో క్లెయిము కాదనడానికి లేదు.

తిరస్కరిస్తే ఏం చేయాలో కూడా క్లుప్తంగా చెబుతాను. ఏ క్లాజు కింద కాదన్నారో రాతలో తీసుకోవాలి. క్లెయిముల సమీక్ష కమిటీ ఆమోదం లేకుండా తిరస్కరించకూడదు, ఆ ఆమోదం ఉందా అని అడగాలి. కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి, ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్లో నమోదు చేయాలి. నెల గడిచినా జవాబు లేకపోయినా, జవాబు నచ్చకపోయినా లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో ఉన్న ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించాలి. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. 50 లక్షల దాకా విచారిస్తారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, తీర్పుకు కంపెనీ కట్టుబడాలి. బీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం నానక్‌రామ్‌గూడలో, మన ఊళ్లోనే ఉంది. అయినా హైదరాబాదీలకు ఈ దారి సరిగా తెలియకపోవడం బాధగా ఉంటుంది.

ఇదంతా సరిగా చేసుకున్నా పాలసీ పూడ్చని పెద్ద గొయ్యి ఒకటుంది. మామూలు పాలసీ 24 గంటల అడ్మిషన్‌కు, లేదా డే కేర్ (అదే రోజు ఇంటికి పంపే) చికిత్సలకు డబ్బిస్తుంది. షుగరు రోగి రోజూ వేసుకునే మాత్రలకు, మూడు నెలలకోసారి చేయించాల్సిన రక్త పరీక్షకు, కంటి రెటీనా పరీక్షకు, పాదం పుండుకు కట్టు మార్చడానికి ఇవ్వదు. ఓపీ రక్షణ అమ్మే పాలసీల్లోనూ ఆ మొత్తం కొద్ది వేలే, ప్రీమియంలోనే అది రాబట్టుకుంటారు. అంటే పదేళ్ల పాటు జబ్బు ముదురుతున్నంత కాలం ఖర్చు మనది. కిడ్నీ పోయి డయాలసిస్‌కు చేరాక డబ్బు వాళ్లది.

ఇదే లోపం ఆరోగ్యశ్రీలోనూ ఉంది. ఈ మాట చాలామందికి రుచించకపోవచ్చు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ లక్షల కుటుంబాల్ని అప్పుల నుంచి కాపాడింది. తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. పేదవాడు గుండె ఆపరేషన్‌కు పెద్ద ఆస్పత్రి మెట్లెక్కగలిగాడంటే అది దాని పుణ్యమే. కానీ అది ఆపరేషన్ల పట్టిక. ఒక్కో చికిత్సకూ ప్యాకేజీ రేటు, చేసినదానికి డబ్బు. చేసినదానికే డబ్బిచ్చే చోట అవసరం లేనివీ చేస్తారు. ప్రైవేటులో గర్భసంచి తొలగింపులు విపరీతంగా పెరగడంతో ఉమ్మడి రాష్ట్రంలోనే వాటిని సర్కారు ఆస్పత్రులకు పరిమితం చేయాల్సి వచ్చింది. జబ్బు రాకుండా చూసినందుకు ఆ పట్టికలో ఎవరికీ పైసా లేదు.

రెండో కష్టం బకాయిలు. డబ్బు నెలల తరబడి రాకపోతే ఆస్పత్రి ముందు ఆరోగ్యశ్రీ పడకలు తగ్గిస్తుంది, తర్వాత "స్లాటు లేదు, వచ్చే వారం రండి" అంటుంది, చివరికి సేవలు ఆపేస్తుంది. 2025లో బకాయిల మీద నెట్‌వర్క్ ఆస్పత్రులు నిజంగానే సేవలు ఆపాయి. కార్డు మీద పది లక్షలని రాసున్నా ఆ వారంలో దాని విలువ సున్నా. రోగులకు ఒక మాట. ప్యాకేజీలో మందులు, పరీక్షలు, భోజనం కూడా ఉంటాయి. "ఈ ఇంప్లాంటుకు విడిగా కట్టాలి" అంటే ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ డెస్కు చూసే ఆరోగ్యమిత్రను పిలిచి అడగండి, 104కు ఫోన్ చేయండి, రసీదు లేకుండా రూపాయి ఇవ్వకండి. 70 ఏళ్లు నిండినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల ఆయుష్మాన్ రక్షణ కేంద్రం 2024 అక్టోబరులో ప్రకటించింది. ఆధార్‌తో నమోదు చేయించుకుని పెట్టుకోండి, ఏ ఆస్పత్రిలో చెల్లుతుందో ముందే కనుక్కోండి.

ఇక అటూ ఇటూ కానివాళ్లు. రేషన్ కార్డు లేదు, ఈఎస్ఐ దాటిపోయారు, మంచి పాలసీ కొనే స్తోమతు లేదు. క్యాబ్ డ్రైవరు, కిరాణా కొట్టు, ట్యూషన్ మాస్టారు, చిన్న కాంట్రాక్టరు. నీతి ఆయోగ్ 2021 నివేదిక ఇలా ఏ రక్షణా లేనివాళ్లు దేశంలో 30 శాతం, అంటే దాదాపు 40 కోట్లని లెక్కగట్టింది. జీఎస్టీ తీసేసినందుకు వీళ్లకు కొంత ఊరట దక్కింది. అయితే వయసుతో పెరిగే ప్రీమియం ముందు అది చిన్నది. 60 దాటినవాళ్ల ప్రీమియం ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే తనను సంప్రదించాలని ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో కట్టడి చేసింది. మంచిదే. ఏటా పదేసి శాతం పెరిగినా ఏడెనిమిదేళ్లకు రెట్టింపవుతుంది, పింఛను అలా పెరగదు.

కట్టిన ప్రీమియంలో ఎంత తిరిగొస్తోందన్నది ఎవరూ అడగరు. 2023-24లో ఆరోగ్య బీమా మాత్రమే చేసే కంపెనీలు నూరు రూపాయల ప్రీమియానికి క్లెయిములుగా ఇచ్చింది 65 దగ్గర. ప్రభుత్వ రంగ కంపెనీల్లో అది నూరు దాటింది. ఎక్కువ ఇస్తే కంపెనీ మునుగుతుంది, తక్కువ ఇస్తే జనం మునుగుతారు. అంతా ప్రైవేటు బీమాయే అని మనం చెప్పుకునే అమెరికాలో కూడా 2010 చట్టం ప్రకారం ప్రీమియంలో 80 నుంచి 85 శాతం వైద్యానికే ఖర్చుపెట్టాలి, తగ్గితే తేడా ఖాతాదారులకు వాపసు ఇవ్వాలి. మన దగ్గర అలాంటి కనీస హద్దు లేదు. నిర్వహణ ఖర్చులకు, కమీషన్లకు మాత్రం ఆరోగ్య బీమా కంపెనీలకు 35 శాతం దాకా వీలుంది. ఆ అమెరికా కూడా దేశ ఆదాయంలో ఆరో వంతుకు పైగా వైద్యానికి పోస్తూ కోట్ల మందిని బీమా లేకుండా వదిలేసింది. మార్కెట్టునే నమ్ముకుంటే ఏమవుతుందో అదొక పాఠం.

బ్రిటన్ పద్ధతిలోనూ కష్టాలున్నాయి. 1948 జులై 5న మొదలైన సర్కారీ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ పన్నుల డబ్బుతో నడుస్తుంది, కౌంటరులో బిల్లు ఉండదు. ఇంగ్లండులో మందుల చీటీకి మాత్రం ఒక్కో మందుకు పది పౌండ్ల దాకా కట్టాలి. అక్కడి శిక్ష క్యూ. నూటికి 92 మందికి 18 వారాల్లో చికిత్స మొదలవ్వాలన్న లక్ష్యాన్ని ఇంగ్లండు 2016 తర్వాత అందుకోలేదు. నిరీక్షణ జాబితా 70 లక్షలు దాటింది. మోకీలు మార్పిడికి నెలలు ఆగుతారు. కానీ ఆ ఆపరేషన్ కోసం ఇల్లు అమ్మరు. క్యూ వద్దంటే డబ్బు పోయాలి, డబ్బు వద్దంటే క్యూ కట్టాలి. రెండూ తగ్గించే దారి కింది మెట్టు బలపడటం ఒక్కటే. అక్కడ ప్రతి మనిషీ ఇంటి దగ్గరి డాక్టరు దగ్గర నమోదై ఉంటాడు. అత్యవసరమైతే తప్ప ఆ డాక్టరు రాయకుండా స్పెషలిస్టు దగ్గరికి పోరు.

మనకు నేర్చుకోవడానికి పనికొచ్చేది థాయిలాండ్. అది ధనిక దేశమేమీ కాదు. 2002లో చట్టం చేసి, ఏ రక్షణా లేని జనాన్నంతా ఒక పథకంలోకి తెచ్చారు. ఒక్కో సందర్శనకు 30 బాత్. కానీ ఆ చట్టానికి ముందు ఇరవై ముప్ఫై ఏళ్లు జిల్లా ఆస్పత్రులు కట్టారు, 1970ల నుంచే కొత్త డాక్టర్లకు పల్లెల్లో పని తప్పనిసరి చేశారు. డబ్బు ఇచ్చే పద్ధతి ఇంకా ముఖ్యం. ఓపీ వైద్యానికి, ఎన్నిసార్లు చూశారని కాకుండా, ఆ ఆస్పత్రి కింద ఎంతమంది నమోదై ఉన్నారని లెక్కేసి తలకింత చొప్పున ఏడాది డబ్బు ముందే ఇస్తారు. షుగరు అదుపులో ఉంటే ఆ డబ్బు ఆస్పత్రికే మిగులుతుంది. డయాలసిస్ మొదట్లో పథకంలో లేదు, 2008లో చేర్చారు. ఒక్కసారే అన్నీ ఇస్తామనలేదు, ఇచ్చినది ఆపలేదు. అక్కడ జనం వైద్య ఖర్చులో జేబులోంచి పెట్టేది పదో వంతు దగ్గర ఉంటుంది. మన దేశంలో 2021-22 లెక్క ప్రకారం అది 39.4 శాతం. ప్రభుత్వాలన్నీ కలిపి ఆరోగ్యానికి పెట్టింది దేశ ఆదాయంలో 1.84 శాతం. 2025కల్లా 2.5 శాతం చేస్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానం రాసుకుంది.

హైదరాబాద్‌కు ఆ కింది మెట్టు లేకపోలేదు. 2018 నుంచి బస్తీ దవాఖానాలున్నాయి. ఎంబీబీఎస్ డాక్టరు, నర్సు, ఉచితంగా మందులు. రక్త నమూనా అక్కడే తీసి తెలంగాణ డయాగ్నొస్టిక్స్‌కు పంపుతారు. బీజం మంచిది. లోటు ఎక్కడంటే, పగటిపూట మాత్రమే తెరిచి ఉంటే కూలీకి వెళ్లే మనిషి ఒక రోజు జీతం వదులుకోవాలి. షుగరు మాత్రలు నెలకు సరిపడా ఇవ్వకుండా వారానికో పది రోజులకో ఇస్తే నాలుగోసారి రావడం మానేస్తాడు. ఎవరు ఏ దవాఖానా కిందికి వస్తారో జాబితా లేదు, కాబట్టి మానేసినవాణ్ని ఎవరూ వెతకరు. ఆ మనిషి మూడేళ్ల తర్వాత కాలి పుండుతో ఉస్మానియాకో, ఆయాసంతో గాంధీకో చేరతాడు. అక్కడి ఓపీలో జ్వరాలూ జలుబులూ కూడా అదే వరుసలో నిలబడి ఉంటాయి.

అందుకే మా సూచనలు ఇవి. ప్రతి బస్తీ దవాఖానాకు చుట్టుపక్కల ఇళ్ల బాధ్యత అప్పగించి, ఆదాయంతో పనిలేకుండా ఇంటింటినీ నమోదు చేయాలి. డబ్బు థాయిలాండ్ మాదిరి తలకింత చొప్పున ఇవ్వాలి. రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచాలి. బీపీ, షుగరు మాత్రలు ఒకేసారి నెలకు సరిపడా ఇవ్వాలి. ఆరోగ్యశ్రీ బిల్లులకు చెల్లింపు గడువు చట్టంలో రాసి, దాటితే వడ్డీ కట్టాలి. రేషన్ కార్డు లేని కుటుంబాలను చందా తీసుకుని ఆరోగ్యశ్రీలో చేర్చాలి. అయితే ఇంట్లో జబ్బుపడ్డ ఒక్కరినే కాకుండా ఇల్లంతా చేరాలి, లేదంటే పైన చెప్పిన కుండ కథే మళ్లీ. ఆస్పత్రుల నమోదు, నియంత్రణకు ఉన్న క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ నిబంధనల ప్రకారం ఆస్పత్రులు తమ రేట్లు తెలుగులోనూ గోడ మీద రాసిపెట్టాలి, దాన్ని అమలు చేయించాలి. జపాన్‌లో దేశమంతా ఒకే ధరల పట్టిక, రెండేళ్లకోసారి సవరిస్తారు. అక్కడిదాకా పోకపోయినా ధర ముందు తెలియడం రోగి హక్కు.

అంతవరకూ పాలసీ వద్దనం. కొనాల్సిందే, చూసి కొనాలి. గది అద్దె పరిమితి లేనిది, కో-పే (ప్రతి బిల్లులో కొంత శాతం మనమే కట్టాలనే షరతు) లేనిది తీసుకోండి. ప్రీమియం భారమైతే చిన్న బేస్ పాలసీ మీద సూపర్ టాపప్ పెట్టుకోండి, టాపప్ కాదు. తేడా ఇదీ. మినహాయింపు, అంటే ఈ పై పాలసీ డబ్బివ్వడం మొదలుపెట్టేలోపు మనమో బేస్ పాలసీయో భరించే మొత్తం, 5 లక్షలు; ఏడాదిలో రెండుసార్లు నాలుగేసి లక్షల బిల్లు అయ్యిందనుకోండి. టాపప్ ఒక్కో బిల్లునూ విడిగా చూస్తుంది, పైసా రాదు. సూపర్ టాపప్ ఏడాది మొత్తం కలిపి 8 లక్షలుగా చూసి 3 లక్షలు ఇస్తుంది. కంపెనీ మారాలంటే రెన్యువల్‌కు 45 రోజుల ముందే దరఖాస్తు చేయండి. ఏడాదికోసారి కట్టే పాలసీకి 30 రోజుల గ్రేస్ ఉంటుంది, కానీ కట్టే దాకా ఆ మధ్యలో వచ్చే జబ్బుకు రక్షణ ఉండదు.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. ఆరోగ్యశ్రీ కింద ఆస్పత్రులకు చెల్లించాల్సిన బకాయి ఎంత, నగరంలో ఎన్ని బస్తీ దవాఖానాల్లో ఆ నెల బీపీ, షుగరు మాత్రలు నిండుకున్నాయి, ఈ రెండు అంకెలు నెలకోసారి అధికారుల నుంచి తెప్పించి హైదరాబాద్ పేజీలో ఒక మూల వేయండి.

ఇట్లు,
బీమా, ప్రజారోగ్య రంగాలు తెలిసిన కొందరు పాఠకులు,
విద్యానగర్, హైదరాబాద్